పెద్దమ్మకు నాలుగో పెన్ను

ఒకే మనిషి కోసం రెండున్నర నెలల్లో నాలుగు ఇంకు పెన్నులు కొన్నాను. ఆ మనిషి మా పెద్దమ్మ, అంటే మా అమ్మకి అక్క. డెబ్భై దాటినావిడకి ఇన్ని పెన్నులెందుకని మా ఆయన మొదటిదానికి అడగలేదు. రెండోదానికి నవ్వారు. మూడోదానికి "షాపు పెడదామా ఏంటి?" అన్నారు. నాలుగోదానికి ఏమీ అనలేదు. అప్పటికి నా ముఖం చూస్తే ఏమీ అనకపోవడమే మంచిదని ఆయనకి తెలిసిపోయి ఉంటుంది.

మా అమ్మమ్మ వైపు కుటుంబానికి ఒక పెద్ద బైబిలు ఉంది. నల్ల అట్ట, మూలలు అరిగిపోయాయి. ఆదికాండం మొదలవక ముందున్న ఖాళీ పేజీల్లో ఇంట్లో పుట్టినవాళ్ళని, పెళ్ళయినవాళ్ళని, ప్రభువు దగ్గరికి వెళ్ళినవాళ్ళని వరసగా రాసుకుంటూ వచ్చారు. ఒక్కో సంగతికి ఒకటే వరస. పేరు, తేదీ, ఊరు, చివర ఒక మాట. ఆ వరస ఇంటి పెద్ద రాయాలి, లేదా ఆ పెద్ద ఎవరి చేతికి పెన్ను ఇస్తే వాళ్ళు రాయాలి. అదీ ఇంకు పెన్నుతోనే. బాల్ పెన్ను పనికిరాదని మా అమ్మమ్మ శాసనం. ఎప్పుడో ఒక పెళ్ళి హడావిడిలో ఎవరో బాల్ పెన్నుతో రాస్తే ఆ పల్చటి కాగితంలోంచి నూనె మరక వెనక్కి దిగి, అవతలివైపు రాసి ఉన్న ఒక పసిపిల్ల పుట్టిన తేదీ మీద పచ్చగా కూర్చుంది. ఆ పసిపిల్లని నేనే.

అమ్మమ్మ తర్వాత ఆ పని పెద్దమ్మకి వచ్చింది. ఆవిడ ఉయ్యూరులో స్కూలు టీచరుగా చేసి రిటైరయింది. అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. మా నాన్న నాకు ఊహ తెలియక ముందే పోయారు, అమ్మ నేను పదో తరగతిలో ఉండగా పోయింది. అమ్మ వరస పెద్దమ్మ రాస్తుంటే నేను పక్కనే నిలబడి చూశాను. రాసింది, ఇంకు పీల్చడానికి సుద్దముక్క అడ్డంగా పెట్టి తడి మీద దొర్లించింది, పుస్తకం మూసింది, "అన్నం తిందువుగాని పద" అంది. అంతే. ఆ రోజు నుంచి పెళ్ళయి భవానీపురం వచ్చేదాకా వాళ్ళింట్లోనే పెరిగాను. వాళ్ళకి పిల్లలు లేరు. పెద్దనాన్నే నాకు నాన్న.

పెద్దనాన్న పోయిన ఏడాది ఫిబ్రవరి చివర్లో పోయారు. మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చినాయన లేవలేదు. కరెంటు డిపార్ట్‌మెంట్లో లైన్‌మన్‌గా ఇన్నేళ్ళు స్తంభాలెక్కిన మనిషి నవారు మంచం మీద అంత సులువుగా వెళ్ళిపోతారని ఎవరం అనుకోలేదు. రెండు నెలలకి పెద్దమ్మకి పక్షవాతం తగిలింది, చిన్నదే. కాలు, మాట వారం పది రోజుల్లో కుదుటపడ్డాయి. కుడిచెయ్యి మాత్రం పట్టు తప్పింది. "రాయడానికి చెయ్యి రావట్లేదే" అంది. అప్పటిదాకా రేపు, ఎల్లుండి అంటూ వచ్చిన పెద్దనాన్న వరస అలాగే ఉండిపోయింది.

మా ఇంట్లో ఇంకో అలవాటు ఉంది. మనిషి పోయిన ఏడాదికి జ్ఞాపకార్థ కూటం పెడతారు, అది అందరిళ్ళలోనూ ఉన్నదే. మా ఇంట్లో ఆ రోజు పాస్టరుగారు కుటుంబ బైబిలు తెరిచి, పోయినవాళ్ళ వరసలు పైనుంచి కిందిదాకా పైకి చదువుతారు. ఆఖరి వరస దగ్గర అందరూ లేచి నిలబడతారు. మరి పెద్దనాన్న వరస రాసి లేకపోతే ఆ చదవడం ఎక్కడ ఆగుతుంది? ఆయన కంటే ముందు పోయిన మా చిన్న మావయ్య దగ్గర ఆగుతుంది. పెద్దనాన్న కూటం పెద్దనాన్న పేరు లేకుండానే అయిపోతుంది. క్రిస్మస్‌కి నాలుగు వారాల ముందు, అడ్వెంటు మొదటి ఆదివారం చర్చిలో కూర్చుని ఉండగా ఈ సంగతి తట్టింది. పాస్టరుగారు ఆ రోజు ఏం ప్రసంగం చెప్పారో నాకు ఒక్క ముక్క గుర్తులేదు.

అసలే నాకు నిలకడ లేదు. పెద్దనాన్న పోయాక ఉన్న కాస్తా పోయింది. భూస్థాపన రోజు కూడా నేను కూర్చోలేదు. షామియానా, కుర్చీలు, టీలు, వచ్చిన వాళ్ళకి మజ్జిగ, అన్నీ నేనే చూశాను. ఎవరైనా దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేస్తే "ఒక్క నిమిషం, ఇప్పుడే వస్తా" అని తప్పించుకున్నాను. ఆ ఒక్క నిమిషం ఏడాది పొడుగునా సాగింది. ఆదివారాలు ఇల్లంతా సర్దేదాన్ని, సర్దిందే మళ్ళీ సర్దేదాన్ని. మా ఆయన ఇబ్రహీంపట్నం పవర్ స్టేషన్లో షిఫ్టు దిగి వచ్చి కాస్త నిద్రపోదామంటే అప్పుడే నాకు అలమార్లు జరపాలనిపించేది. "కాలుకాలిన పిల్లిలా ఏంటలా తిరుగుతావు" అని విసుక్కునేవారు. అలాంటి నాకు చెయ్యడానికి ఒక పని దొరికింది. పెన్ను కొనాలి.

నా లెక్క నాది. బాల్ పెన్నుకి నొక్కి రాయాలి. ఇంకు పెన్నుకి నొక్కక్కర్లేదు, కాగితానికి ఆనిస్తే చాలు, దానంతటదే జారుతుంది. పెద్దమ్మ పాత పెన్ను ఎలాగూ మూలపడి ఎండిపోయి ఉంటుంది. మంచిది ఒకటి చేతిలో పెడితే చెయ్యి దానంతటదే వస్తుంది. కూటం కోసం అని చెబితే బలవంతపెట్టినట్టుంటుంది కాబట్టి క్రిస్మస్ బహుమతి అని చెబుదామనుకున్నాను.

మొదటి పెన్ను అద్దాల షోరూములో కొన్నాను. మఖమల్ పెట్టెలో బంగారు క్లిప్పుతో పడుకుని ఉంది. సేల్స్ అమ్మాయి తెల్లకాగితం ముందుకు తోసి "ట్రై చెయ్యండి మేడమ్" అంది. నేను బ్యాంకులో పనిచేస్తాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇంగ్లిషులో సంతకాలు పెట్టే చెయ్యి ఇది. రెండు సంతకాలు పెట్టాను. వంపులు తిరిగి ఎంత అందంగా వచ్చిందంటే, నా సంతకం మీద నాకే గౌరవం కలిగింది. రంగుకాగితం చుట్టించుకుని క్రిస్మస్ రోజు ఉయ్యూరు పట్టుకెళ్ళాను.

పెద్దమ్మ విప్పి చూసి "బాగుందే" అంది. రాసి చూడమంటే నా చేతికే ఇచ్చి "నువ్వు రాయి, చూస్తాను" అంది. పాత క్యాలెండరు వెనక తెలుగులో ఆవిడ పేరు రాశాను. పాళీ లావు. గుడులు పూడుకుపోయాయి, వత్తులు పైఅక్షరం మీదికెక్కి కూర్చున్నాయి, సున్నాలు చుక్కలయ్యాయి. పెద్దమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసింది.

"అక్షరాలు ఇంత లావెక్కాయేంటే? క్రిస్మస్ కేకు తిన్నాయా?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను గానీ ఒళ్ళు మండిపోయింది. తెలుగు రాసే మనిషికి పెన్ను కొంటూ ఇంగ్లిషులో రాసి చూసిన తెలివితక్కువదాన్ని నేనే. పెన్ను మళ్ళీ పెట్టెలోకి, పెట్టె బీరువాలో శాలువల పక్కకి వెళ్ళిపోయింది.

రెండోది కొత్త సంవత్సరం పేరు చెప్పి కొన్నాను. ఈసారి ఫోన్లో చూసి, సన్నటి పాళీ అని రాసి ఉన్నదే తెప్పించాను. సన్నమే. గోరుతో గీకినట్టు గీకింది. ఉయ్యూరు దాకా తీసుకెళ్ళినందుకు పెద్దమ్మ "బాగుందే, అక్కడ పెట్టు" అంది. ఆ రోజు ఆవిడ ఒళ్ళో చాట పెట్టుకుని మునగాకు దూస్తోంది. నేను ఎదురుగా నిలబడే ఉన్నాను, ఆ వేళ్ళు చూస్తూనే ఉన్నాను. అయినా నాకు ఏమీ తట్టలేదు. తిరుగు బస్సు ఎన్నింటికా అని ఆలోచిస్తున్నాను.

గవర్నరుపేటలో ఒక సందులో పాత పెన్నుల షాపు ఉందని మా బ్యాంకుకి వచ్చే ప్లీడరుగారు ఒకాయన చెప్పారు. వెతుక్కుంటూ వెళ్ళాను. ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడితే నిండిపోయే షాపు. యజమాని పెద్దాయన, కంటికి భూతద్దం పెట్టుకుని ఎవరిదో పాళీ సరిచేస్తున్నారు.

"కూర్చోండమ్మా" అని స్టూలు జరిపారు. నేను కూర్చోలేదు.

"పెన్ను ఎవరికండి?"

"మా పెద్దమ్మకి."

"ఏం రాస్తారండి ఆవిడ?"

"ఒక వరస."

ఆయన భూతద్దం తీసి నావైపు చూశారు. "ఒక్క వరసేనా?"

"ఒక్కటేనండి. త్వరగా చూపించండి, నాకు బస్సుంది."

బస్సు లేదు, ఏమీ లేదు. నేను ఆ రోజు ఉయ్యూరు వెళ్ళట్లేదు కూడా. ఎందుకలా అన్నానో నాకే తెలియదు, కుర్చీ చూపిస్తే చాలు నాకు అబద్ధాలు వచ్చేసేవి. ఆయన ఇంకో రెండు ప్రశ్నలు అడిగారు. పెన్ను ఎలా పట్టుకుంటారు, ఏ కాగితం మీద రాస్తారు అని. మామూలు కాగితమే అన్నాను. "పెన్ను ఇప్పుడే ఇచ్చేస్తానమ్మా. కానీ మీరు మళ్ళీ వస్తారు" అన్నారు. ఆ మాటకి కోపం వచ్చి గట్టిగా తలుపు వేద్దామనుకున్నాను గానీ ఆ షాపుకి తలుపు లేదు, షట్టరే.

మూడో పెన్ను నిజంగా బాగుంది. తేలిక, సన్నం, ఎక్కడా ఆగకుండా రాసింది. ఇంటికొచ్చాక అనుమానం వచ్చి, నేను స్కూల్లో చదువుకున్నప్పటి పాత బైబిలు తీసి చివరనున్న ఖాళీ పేజీలో ఒక గీత గీశాను. ఇంకు పాకి, అవతలివైపు దిగి, ప్రకటన గ్రంథం ఆఖరి వచనాల మీద నీలంగా తేలింది. నా పుట్టినరోజు మీదున్న పచ్చమరక గుర్తొచ్చింది. బైబిలు కాగితానికి పెన్ను కొంటూ మామూలు కాగితమని చెప్పి వచ్చాను.

మా ఆయన పక్కనే టీ తాగుతూ ఇదంతా చూస్తున్నారు. "నాకు తెలియక అడుగుతాను, నువ్వే రాసేయొచ్చు కదా? పెద్దమ్మ పెన్ను చేతికిస్తే ఎవరైనా రాయొచ్చంటావుగా" అన్నారు.

నేను ఒంటికాలి మీద లేచాను. పెద్దమ్మ ఉండగా నేనెలా రాస్తాను, మీకు మా ఇంటి పద్ధతులేం తెలుసు, మీ ఇంట్లో పుట్టినరోజులే ఎవరికీ గుర్తుండవు, ఇలా ఎక్కడెక్కడికో వెళ్ళిపోయాను. ఆయన టీ గ్లాసు తీసుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయారు. పాపం, ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. అందుకే అంత కోపం వచ్చింది.

పెద్దమ్మకి ఆ పుస్తకం మీద ఉన్న భయం కూడా చెప్పాలి. మా చిన్న మావయ్యకి అందులో రెండు మరణాలున్నాయి. చాలా ఏళ్ళ కిందట ఉయ్యూరులో వాళ్ళ ఎదురింటి కిరాణా షాపుకి ఫోన్ వచ్చింది, మావయ్య గుడివాడ దగ్గర యాక్సిడెంటులో పోయాడని. పెద్దనాన్న కబురు కనుక్కుందామని సైకిలేసుకుని వెళ్ళగానే పెద్దమ్మ ఏడుస్తూనే బైబిలు తెరిచి వరస రాసేసింది. టీచరు కదా, ఏ రోజు పని ఆ రోజు అయిపోవాలి. పోయింది మావయ్య ఆఫీసులోనే అదే పేరున్న ఇంకొకాయన. మర్నాడు పొద్దున్నే మావయ్య అరటిగెల భుజాన పెట్టుకుని బస్సు దిగాడు. పెద్దమ్మ ఆయన్ని పట్టుకుని ఏడ్చి, కొట్టి, తర్వాత స్కేలు పెట్టి ఆ వరస మీద ఒక గీత గీసింది. ఇంకు కదా, చెరపడానికి లేదు. మావయ్య ఆ తర్వాత చాలాకాలం బతికాడు. "మా అక్క నన్ను ఒకసారి చంపేసింది, ఇంక నాకేం భయం" అని పెళ్ళిళ్ళలో చెప్పుకు తిరిగేవాడు. నిజంగా పోయినప్పుడు పెద్దమ్మ సమాధుల తోట నుంచి వచ్చాక గానీ రాయలేదు. పాస్టరుగారు ఆ గీత గీసిన వరస దాటేసి రెండోది చదువుతారు, అందరూ దిగులులోనే కాస్త నవ్వుకుంటారు.

కూటం శనివారమనగా ముందు సోమవారం సాయంత్రం బ్యాంకు నుంచి తిన్నగా పెన్నుల షాపుకి వెళ్ళాను. సంచిలో నా పాత బైబిలు ఉంది. పెద్దాయన నన్ను చూసి "వస్తారన్నానుగా" అనలేదు. స్టూలు జరిపారంతే. ఈసారి కూర్చున్నాను, సగం. బైబిలు తీసి చివరి పేజీ తెరిచి "ఈ కాగితం మీద రాయాలండి. ఇంకు అవతలికి దిగకూడదు. మీరు రాసి చూడండి" అన్నాను.

ఆయన పుస్తకం అందుకుని, రెండు చేతులతో కళ్ళకద్దుకున్నారు. తర్వాత బల్ల మీద పెట్టి చేతులు వెనక్కి తీసేసుకున్నారు.

"దేవుడి పుస్తకం కదమ్మా. దీని మీద గీతలు నేను గీయలేను."

"ఖాళీ పేజీనండి."

"ఖాళీదైనా ఆ పుస్తకంలోదే కదండి. మీది కాబట్టి మీరు రాయండి. నేను చూసి పాళీ సరిచేస్తాను."

"నాకు కాదండి, మా పెద్దమ్మకి."

"ఆవిడ పెన్ను ఎలా పట్టుకుంటారు?"

"నాలాగే. నాకు రాయడం నేర్పింది ఆవిడే."

"అయితే ఇంకేం? ఆ రాయబోయే వరసే రాయండి. దానికి తగ్గట్టు చూద్దాం."

ఆయన ఇంకో కొత్త పెన్ను తీసి ఇస్తే అందుకున్నాను. పెద్దనాన్న పేరులో మొదటి అక్షరం కోసం చెయ్యి ఆనించాను. ఆనించిన చోటే ఉండిపోయింది. పాళీ కింద చిన్న నీలం చుక్క పడి మెల్లగా పెద్దదవుతోంది. షాపు బయట ఆటోలు హారన్లు కొడుతున్నాయి. చివరికి ఆ చుక్క పక్కన "భవానీపురం, విజయవాడ" అని నా చిరునామా రాశాను. మళ్ళీ రాయమన్నారు, మళ్ళీ అదే రాశాను. ఆయన నా చేతి వాటం చూసి, పాళీని సన్నటి రాయి మీద రెండుసార్లు రుద్ది, కడిగి, చిక్కటి ఇంకు ఇంకోటి పోసి ఇచ్చారు. పదిసార్లు అలా అయ్యాక "భవానీపురం"లో భ, పు, రం విడివిడిగా, శుభ్రంగా నిలబడ్డాయి. పేజీ తిప్పి చూస్తే ఆ ఆఖరిసారి రాసినదాని వెనక ఇంకు దిగలేదు.

"ఇంకు సీసా కూడా ఇదే తీసుకెళ్ళండి. ఇంట్లో పోయడం తెలుసా?" అన్నారు, పెన్ను ఖాళీ చేసి పెట్టెలో పెడుతూ.

తెలుసన్నాను. మా ఇంట్లో అది చూస్తూ పెరిగాను. పెద్దమ్మ ఏనాడూ తన పెన్నులో తను ఇంకు పోసుకోలేదు. శనివారం సాయంత్రం అది పెద్దనాన్న పని. పెన్ను విప్పి, వేడినీళ్ళలో పాళీ నానబెట్టి, పాత పంచె ముక్కతో తుడిచి, ఫిల్లరుతో ఒక్కో చుక్కా లెక్కగా పోసేవారు. ఎంత జాగ్రత్తగా పోసినా బొటనవేలికీ చూపుడువేలికీ నీలం అంటేది. మర్నాడు చర్చిలో ప్రభురాత్రి భోజనం రొట్టె ఆ నీలం వేళ్ళతోనే తీసుకునేవారు. "సబ్బు పెట్టి రుద్దుకోవచ్చుగా" అని పెద్దమ్మ ప్రతివారం కసిరేది. ఆయన రుద్దుకునేవారు కాదు.

శుక్రవారం సెలవు పెట్టి బస్సెక్కాను. చెరకు ఆడే రోజులు. కంకిపాడు దాటాక ట్రాక్టర్ల వెనక బస్సు నత్తలా నడిచింది. నాకు సీటు దొరికింది గానీ కూర్చోలేక తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాను. "ఉయ్యూరు ఇంకా దూరముందమ్మా, కూర్చోండి" అని కండక్టరు రెండుసార్లు చెప్పాడు. ఇంక ఈ పెన్నుతో కూడా పెద్దమ్మ రాయకపోతే రేపు పాస్టరుగారు చిన్న మావయ్య దగ్గర ఆగిపోతారు, అందరూ అక్కడే లేచి నిలబడతారు. ఆ దృశ్యం కళ్ళముందు ఎన్నిసార్లు వచ్చిందో చెప్పలేను. సంచిలో పెన్ను ఉందో లేదో అన్నిసార్లూ తడిమి చూసుకున్నాను.

ఇంటి ముందు అప్పటికే షామియానా గుంజలు పాతుతున్నారు. పెద్దమ్మ లోపల కిటికీ పక్కన తన కుర్చీలో ఉంది. చెప్పులు విప్పుతూనే సంచిలోంచి పెన్ను తీశాను.

"మళ్ళీ పెన్నేనా?" అంది.

"ఇదే ఆఖరిది పెద్దమ్మా. బరువు లేదు. పాళీ సన్నం. బైబిలు కాగితం మీదే రాసి చూశాను, వెనక్కి దిగట్లేదు. నువ్వు నొక్కక్కర్లేదు, ఆనిస్తే చాలు. నేను చెయ్యి పట్టుకుంటాను. ఉండు, ముందు ఇంకు పోస్తాను, తర్వాత…"

"కూర్చోవే."

"కూర్చుంటాలే, ముందు ఇంకు…"

"కూర్చోమన్నానా?"

స్కూల్లో వెనక బెంచీ దాకా వినబడే గొంతు అది. కూర్చున్నాను.

"బీరువాలోంచి బైబిలు తే" అంది. కూర్చోమన్న మనిషే మళ్ళీ లేపింది. తెచ్చి ఒళ్ళో పెట్టాను. మీద చుట్టిన తెల్ల గుడ్డ ముడి విప్పింది. పల్చటి పేజీలు ఒకదానికొకటి అంటుకుని ఉంటే కుడిచేతి వేళ్ళతో ఒక్కొక్కటే విడదీసింది. అప్పుడు చూశాను ఆ వేళ్ళని. మునగాకు దూసిన వేళ్ళు కూడా అప్పుడే గుర్తొచ్చాయి.

పేజీ నావైపు తిప్పింది. చిన్న మావయ్య కింద పెద్దనాన్న పేరు ఉంది. ముత్యాల్లాంటి అక్షరాలు. కొంచెం వణికాయి, అంతే. ఇంకు మాత్రం బాగా పల్చగా, వెలిసిపోయినట్టుంది. పేరు తర్వాత ఏమీ లేదు. తేదీ లేదు, ఊరు లేదు, చివరి మాట లేదు.

"ఎప్పుడు రాశావు?"

"క్రిస్మస్ మర్నాడు. నువ్వు ఆ లావు పాళీ పెన్ను ఇచ్చి వెళ్ళావు చూడు, దాని మర్నాడు."

"మరి చెయ్యి రావట్లేదన్నావుగా!" నా గొంతు పెరిగింది. రెండున్నర నెలలు, నాలుగు పెన్నులు, ఇన్ని బస్సులు.

"రాలేదే. పేరు దాకా వచ్చింది." కిటికీలో సుద్దముక్కల డబ్బా పక్కనున్న పాత పెన్ను తీసి చూపించింది. "ఆయన ఆఖరిసారి పోసిన ఇంకు ఇందులోనే ఎండిపోయి ఉంది. రెండు చుక్కలు నీళ్ళు వేశాను. పేరుకి సరిపోయింది. ఆయన పోసిన ఇంకుతో ఆయన పేరు రాసుకున్నాను గానీ, ఆయన పోయారని ఎలా రాయనే?"

పెద్దమ్మ చూపుడువేలు పైకి జరిపి, గీత గీసి ఉన్న మావయ్య మొదటి వరస మీద పెట్టింది.

"వీడిది రాశాను. తెల్లారి బస్సు దిగాడు. స్కేలు పెట్టి కొట్టేశాను. అప్పుడు అందరూ నన్ను చూసి నవ్వారు గానీ, ఆ గీత గీసినంత సంతోషంగా నేను ఏదీ రాయలేదు." వేలు మళ్ళీ కిందికి వచ్చింది. "ఇది రాస్తే కొట్టేసే పని పడదు కదే."

ఏడాదిగా రానిది అప్పుడు వచ్చింది. టీలు లేవు, షామియానా వాళ్ళకి చెప్పాల్సిందేమీ లేదు, లేచి వెళ్ళడానికి సాకు ఒక్కటీ తోచలేదు. పెద్దమ్మ మోకాలి మీద తలపెట్టి, బైబిలు తడుస్తుందని దాన్ని పక్కకి నెడుతూ, చిన్నపిల్లలా ఏడ్చాను. పెద్దమ్మ ఏడవలేదు. నా జుట్టు చెవి వెనక్కి సర్దుతూ కూర్చుంది.

"చెయ్యి రానిది నాకొక్కదానికేనా?" అంది కాసేపటికి. "ఏదీ ఆ పెన్ను. ఎవరి చేత్తో రాసి చూసి కొన్నావు?"

"నా చేత్తో."

"మరి నాకెందుకిస్తావే? ఇంకు పొయ్యి."

ఫిల్లరుతో పోశాను. జాగ్రత్తగానే పోశాను, అయినా బొటనవేలికీ చూపుడువేలికీ అంటింది. తుడుచుకోబోతుంటే పెద్దమ్మ ఆ వేళ్ళు పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూసింది. సబ్బు మాట ఎత్తలేదు. పెన్ను తను తీసుకుని, మూత విప్పి, నా చేతిలో పెట్టింది. పేజీ కదలకుండా కుడిచేత్తో అదిమి పట్టుకుంది.

తేదీ రాశాను. ఉయ్యూరు అని రాశాను. "ప్రభునందు" దాకా ఆగకుండా వచ్చాను. తర్వాతి మాట దగ్గర ఆగితే పెద్దమ్మ "ఊఁ" అంది, చిన్నప్పుడు పలక మీద దిద్దిస్తున్నప్పుడు అన్నట్టే. "నిద్రించారు" అని రాశాను. పల్చటి నీలం పేరు పక్కన నా అక్షరాలు మరీ చిక్కగా, కొత్తగా కనిపించాయి.

అలవాటుగా సుద్దముక్క కోసం కిటికీ వైపు చెయ్యి చాచాను.

"వద్దులే" అంది పెద్దమ్మ. "దానంతటదే ఆరనీ."

పేజీలు లేస్తున్నాయని ఫ్యాను ఆపి వచ్చి మళ్ళీ కూర్చున్నాను. బైబిలు మా ఇద్దరి మధ్యా తెరిచే ఉంది. బయట గుంజలు పాతేవాళ్ళు తాడు కావాలని ఎవరినో కేకేస్తున్నారు, తాడు ఎక్కడుందో నాకు తెలుసు. చివరి అక్షరం మీద తడి చాలాసేపు మెరుస్తూనే ఉంది. నేను లేవలేదు.